సీజన్ 2 ఎప్పుడన్నా? సగంలో ఆగిన సిరీస్‌లు, పెద్దమండ్యం ప్రేక్షకులు

ఫోన్ల రివ్యూలు రాసేవాడికి ఊర్లో ఇంకో ఉద్యోగం కూడా తగులుకుంటుంది. "ఏ ఫోన్ కొనాల?" అని అడిగినవాళ్లే, కొన్న వారం తర్వాత వచ్చి "దీంట్లో ఏం చూడాల?" అంటారు. మా పెద్దమండ్యంలో మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. బడ్జెట్ ఎంత, బ్యాటరీ ముఖ్యమా, కెమెరా ముఖ్యమా, మదనపల్లెలో సర్వీస్ సెంటర్ ఉందా. నాలుగు మాటల్లో తేలిపోతుంది. రెండోదే కష్టం. ఫోన్ నచ్చకపోతే రెండు రోజులు తిట్టుకుని వాడేస్తారు. సిరీస్ సగంలో ఆగిపోతే మాత్రం తీసినవాళ్లు ఎవరికీ దొరకరు. చూడమని చెప్పినవాడు దొరుకుతాడు.

నన్ను ఇప్పటికీ ఎక్కువమంది నిలదీసే సిరీస్ పేరు 'న్యూసెన్స్'. టీ అంగట్లో, బస్టాండులో, పెళ్లి భోజనాల దగ్గర ఒకటే ప్రశ్న. "సీజన్ 2 ఎప్పుడన్నా?"

ఈ సిరీస్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 2023 మే 12న ఆహాలో వచ్చింది. ఆరు ఎపిసోడ్లు. శ్రీ ప్రవీణ్ కుమార్ దర్శకుడు, పీపుల్ మీడియా ఫ్యాక్టరీ నిర్మాణం, నవదీప్, బిందు మాధవి ముఖ్య పాత్రలు. కథ జరిగేది మదనపల్లెలో, 2000ల తొలినాళ్లలో. లోకల్ విలేకరులు వార్త రాసి ఎంత సంపాదిస్తారో, రాయకుండా ఎంత సంపాదిస్తారో చూపించే కథ ఇది. హైదరాబాద్ వాళ్లకు ఇదొక పొలిటికల్ డ్రామా, అంతే. మాకు అలా కాదు. మదనపల్లె అంటే ఇన్నాళ్లూ బయటివాళ్లకు టమాటా మార్కెట్, హార్స్‌లీ హిల్స్, జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు. కొంచెం చదువుకున్నవాళ్లయితే, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ 'జన గణ మన'ను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడి బీటీ కాలేజీలోనే అంటారు. అక్కడితో సరి. మా ఊర్ల రాజకీయం, మా ఊర్ల విలేకరులు, మా ఊర్ల మాట ఒక సిరీస్‌కు సరిపడా కథ అవుతాయని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. పైగా బిందు మాధవి పుట్టింది మదనపల్లెలోనే. ఇంకేముంది, మావాళ్లు సొంత ఇంటి పెళ్లి వీడియో చూసినట్టు చూశారు.

పోస్టర్ మీదే 'సీజన్ 1' అని వేశారు. ఆరో ఎపిసోడ్ అయ్యేసరికి, అసలు కథ ఇప్పుడే మొదలైంది అన్నట్టు ఆగింది. నేనిది రాసే సమయానికి రెండో సీజన్ రాలేదు.

మా మండలంలో ఒకప్పుడు పత్రికకు కంట్రిబ్యూటర్‌గా పనిచేసిన పెద్దాయన ఒకరున్నారు. పేరు రాయొద్దన్నారు, రాయను. జీతం ఉండదు, లైన్ అకౌంట్. అంటే అచ్చయిన వార్త ఎంత పొడవుంటే అంత డబ్బు. ఆ రోజుల్లో వార్తలు చేత్తో రాసి, కవర్లో పెట్టి, సాయంత్రం ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాళ్లు. బస్సు తప్పిపోతే ఆ రోజుకు వార్త లేదు, డబ్బు లేదు. ఈయన మనవడి ఫోన్లో న్యూసెన్స్ మొత్తం రెండు రాత్రుల్లో చూశారు. తర్వాత నాతో అన్న మాట ఇది: "అంతా బాగానే చూపిచ్చినారు నాయనా. మేము కవర్లు తీసుకునింది చూపిచ్చినారు, ఎందుకు తీసుకున్నామో కూడా కొంచెం చూపిచ్చినారు. కానీ వాడు చివరికి ఏమైనాడో చెప్పకుండానే పాయిరి. అంటే మేము మంచోళ్లమా చెడ్డోళ్లమా, ఏదీ తేల్చకుండా వదిలేసినట్లే కదా?"

సీజన్ 2 గురించి ఇంటర్నెట్‌లో చాలా పోస్టులు చూశాను. ఇంత సూటిగా అడిగినవాళ్లు కనపడలేదు. ఆయనకు కావాల్సింది కాలక్షేపం కాదు. తన బతుకు లాంటి ఒక బతుకును తెరమీద నిలబెట్టి, తీర్పు చెప్పకుండా కోర్టు వాయిదా వేసి వెళ్లిపోయారు. ఆ వాయిదా ఎప్పటికో కూడా చెప్పలేదు.

ఇక్కడే మన తెలుగు ఓటీటీకి, బయటి ఓటీటీకి ఒక పెద్ద తేడా ఉంది. అమెరికాలో సిరీస్ ఆపేస్తే చాలాసార్లు 'ఆపేశాం' అని చెప్తారు. 'డార్క్' తీసిన జంటే '1899' తీసింది. అది 2022 నవంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, 2023 జనవరి మొదట్లోనే ఇక లేదని దర్శకుడే ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటించాడు. బాధగానే ఉంటుంది, కానీ విషయం తెలుస్తుంది. తెలిస్తే కొట్లాడొచ్చు. 'సెన్స్8' సిరీస్‌ను 2017 జూన్‌లో ఆపేశామన్నారు. అభిమానులు గోల గోల చేస్తే, కథ ముగించడానికి రెండున్నర గంటల చివరి ఎపిసోడ్ ఒకటి తీసి 2018 జూన్‌లో వదిలారు. 'బ్రూక్లిన్ నైన్-నైన్' కామెడీని 2018 మేలో ఫాక్స్ ఛానల్ ఆపేస్తే, మర్నాడే ఎన్‌బీసీ తీసుకుంది.

మన దగ్గర 'రద్దు' అనే మాటే దాదాపు వినపడదు. మాట్లాడటం ఆపేస్తారు, అంతే. నటీనటులను ఇంటర్వ్యూలో అడిగితే నవ్వి, "చూద్దాం" అంటారు. ఏడాది గడుస్తుంది, రెండేళ్లు గడుస్తాయి. కొట్లాడదామంటే కొట్లాడటానికి అవతల ఒక ప్రకటన కూడా లేదు. చచ్చిపోయిందంటే ఏడుస్తాం, బతికుందంటే ఎదురు చూస్తాం. ఇది రెండూ కాదు. ఎదురుచూపు ఒక్కోసారి ఫలిస్తుంది కూడా, అందుకే ఆశ చావదు. హిందీలో 'పాతాళ్ లోక్' మొదటి సీజన్ 2020 మేలో వస్తే రెండోది 2025 జనవరిలో వచ్చింది. నాలుగున్నరేళ్లకు పైనే. వచ్చింది కాబట్టి సరిపోయింది.

తెలుగులో ఇలా గాల్లో ఉన్నవి న్యూసెన్స్ ఒక్కటే కాదు. 'కుడి ఎడమైతే' చూశారా? 2021 జులైలో వచ్చింది, 'లూసియా', 'యూ టర్న్' తీసిన పవన్ కుమార్ దర్శకుడు. పోలీసుగా అమలా పాల్, డెలివరీ బాయ్‌గా రాహుల్ విజయ్, మళ్లీ మళ్లీ తిరిగొచ్చే ఒకే రోజు. తెలుగులో టైమ్ లూప్ కథను ఇంత శ్రద్ధగా రాసినవాళ్లు తక్కువ. ఎనిమిదో ఎపిసోడ్ చివర్లో కొత్త ముడి వేసి వదిలేశారు, ఆ ముడి అలాగే ఉంది. జేడీ చక్రవర్తి 'దయా' (2023 ఆగస్టు, హాట్‌స్టార్) ఇంకో ఉదాహరణ. ఫ్రీజర్ వ్యాన్ నడిపే అతని బండిలో శవం కనపడుతుంది. అక్కడ మొదలై ఊపిరి తీసుకోనివ్వదు. చివరికి మాత్రం సగం జవాబులతోనే సర్దుకోవాలి. అన్నిటికంటే పెద్ద మాయం 'బాహుబలి: బిఫోర్ ది బిగినింగ్'. ఆనంద్ నీలకంఠన్ నవల 'ది రైజ్ ఆఫ్ శివగామి' ఆధారంగా తీస్తున్నట్టు 2018లో నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. దేవా కట్టా, ప్రవీణ్ సత్తారు దర్శకులు. మృణాల్ ఠాకూర్‌తో షూటింగ్ కూడా జరిగింది. తర్వాత అది పక్కన పడింది, వేరే టీమ్‌తో మళ్లీ మొదలుపెట్టారన్నారు, అదీ ఆగింది. మనకు ఒక్క ఎపిసోడూ దక్కలేదు. ఒక రకంగా అదే నయం. చూడనిదాని మీద మమకారం ఉండదు.

ఎవరు లెక్కపెడుతున్నారు?

ఎందుకు ఆగుతాయి? డబ్బు, డేట్లు, కంపెనీలు చేతులు మారడం, ఒక్కోదానికి ఒక్కో కారణం. బయటివాళ్లం ఫలానా సిరీస్ ఫలానా కారణంతోనే ఆగిందని చెప్పలేం. కానీ లెక్క ఎలా వేస్తారన్నది కొంత బయటపడింది. 2019లో నెట్‌ఫ్లిక్స్ బ్రిటన్ పార్లమెంటు కమిటీకి రాసిన లేఖలో తన ప్రేక్షకులను మూడు రకాలుగా విడగొట్టింది. ఒక ఎపిసోడ్‌లో గానీ సినిమాలో గానీ రెండు నిమిషాలు చూసినవాళ్లు 'స్టార్టర్లు'. ఒక ఎపిసోడ్‌లో గానీ సినిమాలో గానీ 70 శాతం చూసినవాళ్లు 'వాచర్లు'. సీజన్‌లో 90 శాతం చూసినవాళ్లు 'కంప్లీటర్లు'. ఈ లెక్కలు విడుదలైన 7 రోజులకు, 28 రోజులకు తీసినవాళ్లకు చెప్తారు. ఇది నెట్‌ఫ్లిక్స్ పద్ధతి. మిగతావాళ్ల కొలతలు వేరే ఉండొచ్చు. కానీ ఎన్ని ఇళ్లు మొదలుపెట్టాయి, ఎన్ని ఇళ్లు చివరిదాకా ఉన్నాయి, ఎంత తొందరగా చూశాయి అనే మూడు ప్రశ్నలు లేకుండా ఎవరూ డబ్బు పెట్టరు.

ఇప్పుడు ఈ లెక్కను పెద్దమండ్యానికి తెచ్చి చూడండి.

మా దగ్గర సిరీస్ ఎలా చూస్తారంటే, ఒకరి దగ్గర సబ్‌స్క్రిప్షన్ ఉంటుంది. ఫోన్‌ను చెంబుకు ఆనించి నలుగురైదుగురు ముందు కూర్చుంటారు. కంపెనీ లెక్కలో అది ఒక ఇల్లు. చేలో మోటారు దగ్గర కరెంటు కోసం కాపలా ఉండేవాడు సగం ఎపిసోడ్ చూస్తాడు, కరెంటొస్తే లేస్తాడు, మిగతాది వారం తర్వాత. టమాటా కోతలు వచ్చాయంటే ఆ నెలంతా మాకు ఏ సిరీసూ లేదు, మార్కెట్ ధర ఒక్కటే సిరీస్. అప్పటికి ఆ 28 రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. ఇవన్నీ ఒక ఎత్తు. టెలిగ్రామ్‌లో దొరికిన కాపీని ఫోన్ నుంచి ఫోన్‌కి పంపుకుని చూసినవాళ్లు ఇంకో ఎత్తు. న్యూసెన్స్‌ను మా మండలంలో ఇష్టంగా చూసినవాళ్లు నాకు తెలిసే పాతికమంది పైన ఉంటారు. కంపెనీ పుస్తకంలో ఎక్కినవి నాలుగో ఐదో అయి ఉంటాయని నా అంచనా. ఎవరి గురించి తీశారో వాళ్లే ఆ లెక్కలో లేరు.

టీవీ లెక్క ఇంతకంటే మెరుగేమీ కాదు. 2020 అంచనాల ప్రకారం దేశంలో దాదాపు 21 కోట్ల ఇళ్లలో టీవీ ఉంటే, బార్క్ సంస్థ మీటర్లు పెట్టింది యాభై వేల పైచిలుకు ఇళ్లలో. ఆ ఇళ్లలో ఏం చూశారో దాన్నిబట్టి గురువారం రేటింగులు వస్తాయి, సీరియళ్ల బతుకులు తేలతాయి. రేటింగ్ పడిపోతే మొదట టైమ్ మారుస్తారు. రాత్రి ఏడున్నర సీరియల్ మధ్యాహ్నానికి వెళ్లిందంటే, ఇక దానికి రోజులు దగ్గర పడ్డట్టే. అయినా సీరియల్‌కు ఒక మర్యాద ఉంది. ఎంత హడావిడిగా ఆపినా, ఆఖరి వారంలో విలన్ మారిపోతాడు, విడిపోయినవాళ్లు కలుస్తారు, అందరూ ఒక ఫొటోకు నిలబడతారు, 'శుభం' పడుతుంది. ఆ ముగింపు ఎంత నాసిగా ఉన్నా, చూసే మనిషికి చెల్లింపు జరిగింది. 'కార్తీక దీపం' 2017 అక్టోబర్ నుంచి 2023 జనవరి దాకా నడిచింది. మా ఇంట్లో ఆడవాళ్లు ఐదేళ్లు డాక్టర్ బాబును తిట్టుకుంటూనే చూశారు. అయిపోయిన రోజు మాత్రం ఒక పని ముగిసినట్టు టీవీ కట్టేశారు. (2024 మార్చిలో 'ఇది నవ వసంతం' అని మళ్లీ వచ్చింది, అది వేరే సంగతి.) వెబ్ సిరీస్ తీసేవాళ్లు సీరియళ్లను చిన్నచూపు చూస్తారు. ఈ ఒక్క విషయంలో సీరియల్ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది.

మరి ఏం చూడాలి?

నన్ను అడిగేవాళ్లకు నేను పెట్టుకున్న నియమం ఒకటే. చూసేది ముసలివాళ్లయినా, డేటా లెక్కపెట్టుకుని వాడేవాళ్లయినా, ముగిసిన కథలే చెప్తాను. కుర్రాళ్లకు మాత్రం ఆగిపోయినవి కూడా చెప్తాను, కానీ 'ఇది సగమే' అని ముందే చెప్తాను.

ముగిసినవాటిలో మొదటి పేరు ఎప్పుడూ '90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చింది, ఆదిత్య హాసన్ దర్శకుడు, లెక్కల మాస్టారుగా శివాజీ. ఆరు ఎపిసోడ్లు. హత్యలు లేవు, క్లిఫ్‌హ్యాంగర్ లేదు. ఉప్మా మీద ఇంట్లో జరిగే గొడవ ఉంది. పిల్లల ముందు ఫోన్ పక్కకు తిప్పాల్సిన పని లేదు. మా వీధిలో ఇది చూడనివాళ్లు ఉంటే నాకు చెప్పండి.

'కుమారి శ్రీమతి' (2023, ప్రైమ్ వీడియో) ఏడు ఎపిసోడ్లు. తాతల నాటి ఇల్లు దక్కించుకోవడానికి నిత్యా మీనన్ ఊర్లో బార్ పెట్టే కథ. గోదావరి యాస కొంచెం ఎక్కువే ఉంటుంది, మావాళ్లు మొదట్లో నవ్వుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. 'గాలివాన' (2022, జీ5) కూడా ఏడే. బీబీసీ 'వన్ ఆఫ్ అజ్' కథను సాయికుమార్, రాధికలతో తూర్పు గోదావరికి తెచ్చారు. రెండు కుటుంబాలు, ఒక నేరం, ఒక తుఫాను రాత్రి. రాత్రి పూట మొదలుపెడితే నిద్ర చెడుతుంది. 'మోడ్రన్ లవ్ హైదరాబాద్'లో ఆరు విడి కథలు, దేనికది ముగుస్తుంది, కాబట్టి ఎక్కడ ఆపినా నష్టం లేదు. రాయలసీమ గాలి కావాలంటే 'రెక్కీ' చూడండి. తాడిపత్రి, 1990ల మున్సిపల్ రాజకీయం, శ్రీరామ్, శివబాలాజీ. యాస విషయంలో న్యూసెన్స్ తర్వాత నాకు నచ్చింది ఇదే.

'9 అవర్స్' గురించి ఒక్క మాట. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల 'తొమ్మిది గంటలు' ఆధారంగా హాట్‌స్టార్‌లో 2022లో వచ్చింది. నవలల మీద తీసిన సిరీస్‌లతో ఒక సుఖం ఉంది. తెరమీద ఏం జరిగినా, పుస్తకంలో ఆఖరి పేజీ ఉంటుంది. మండలానికి ఒక గ్రంథాలయం ఉన్నన్నాళ్లూ మల్లాది సీజన్ 2 కోసం ఎదురుచూడక్కర్లేదు.

డబ్బు ఏమీ పెట్టనంటారా? 'అమృతం' యూట్యూబ్‌లో ఉంది. 2001లో మొదలైన కామెడీ అది. ఏ ఎపిసోడ్‌కా ఎపిసోడ్ తెగిపోతుంది.

చిన్న ఊర్లో చూసేవాళ్లకు ఫోన్ సంగతులు

మా సైట్ పాఠకులకు ఇది చెప్పకుండా వదిలితే ఊరుకోరు. కొత్త ఫోన్‌లో సిరీస్ మసకగా వస్తోందని చాలామంది సిగ్నల్‌ను తిడతారు. ఒక్కోసారి తప్పు సిగ్నల్‌ది కాదు, వైడ్‌వైన్‌ది. ఫోన్‌కు వైడ్‌వైన్ ఎల్1 సర్టిఫికేషన్ ఉంటేనే పెద్ద యాప్‌లు హెచ్‌డీ ఇస్తాయి. ఎల్3 మాత్రమే ఉంటే 480పీ దగ్గర ఆగిపోతుంది. 2018లో పోకో ఎఫ్1 అంత పేరున్న ఫోనే ఎల్1 లేకుండా వచ్చింది, తర్వాతి ఏడాది అప్‌డేట్‌తో ఇచ్చారు. ప్లే స్టోర్‌లో 'డీఆర్ఎం ఇన్ఫో' అని వెతికితే దొరికే యాప్‌తో నిమిషంలో చూసుకోవచ్చు. కానీ ఒక మెలిక. నెట్‌ఫ్లిక్స్ రూ.149 మొబైల్ ప్లాన్ తీసుకుంటే అది ఇచ్చేదే 480పీ. ఆ ప్లాన్ మీద ఉన్నంతకాలం ఎల్1 కోసం ఎక్కువ డబ్బు పెట్టి ఫోన్ కొనడం దండగ.

డేటా తక్కువుంటే యాప్ సెట్టింగ్స్‌లో 'సేవ్ డేటా' ఆన్ చేయండి. నెట్‌ఫ్లిక్స్ చెప్పే ప్రకారం అలా 1 జీబీకి సుమారు ఆరు గంటలు చూడొచ్చు, ఆటోమేటిక్‌లో నాలుగు గంటలు. మదనపల్లెకు పనిమీద వెళ్లినప్పుడు వైఫై దొరికితే సీజన్ మొత్తం డౌన్‌లోడ్ చేసి తెచ్చుకునేవాళ్లు మావాళ్లలో చాలామంది. అలా చేసేవాళ్లు ఒకటి గమనించాలి. డౌన్‌లోడ్ చేసినంత మాత్రాన అది మీ సొంతం కాదు, దానికి గడువుంటుంది. చాలా యాప్‌లలో ప్లే నొక్కిన దగ్గర్నుంచి 48 గంటలే. కాబట్టి ఎలా ఉందో చూద్దామని ఆరింటినీ కొంచెం కొంచెం తెరవకండి. ఒకటి చూశాక ఇంకొకటి తెరవండి.

ఏడాది ప్లాన్ ఒక్క సిరీస్ కోసం ఎప్పుడూ కట్టొద్దు. నెల ప్లాన్ ఉంటే అది చాలు.

"సీజన్లన్నీ వచ్చాకే చూస్తాం, సగంలో ఆగితే మా టైమ్ వేస్ట్" అనేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. డబ్బింగ్ చేసిన బయటి సిరీస్‌లకు అలాగే చేయండి, మీరొక్కరు ఆగితే వాళ్లకు వచ్చే నష్టం లేదు. మన తెలుగు సిరీస్‌కు, అందులోనూ మన జిల్లా కథకు, ఆ పని చేయొద్దంటాను. చూసేవాళ్లే కొద్దిమంది, అందులో సగంమంది ఎదురుచూస్తూ కూర్చుంటే మొదటి నెల లెక్క ఏముంటుంది? నచ్చితే మొదటి నెలలోనే, మీ లాగిన్‌తోనే, చివరి ఎపిసోడ్ చివరిదాకా చూడండి. పేర్లు పడేటప్పుడు కట్టేసినా పర్లేదు, 90 శాతం దాటి ఉంటారు.

న్యూసెన్స్ చూడమని ఇప్పటికీ చెప్తున్నానా? చెప్తున్నాను. పోయిన నెలే ఒక ఇంటర్ కుర్రాడికి చెప్పాను, జర్నలిజం చదవాలనుకుంటున్నాడు. ఆరు ఎపిసోడ్లు, ముగింపు లేదు అని ముందే చెప్పాను. చూసొచ్చి, అందరూ అడిగే ప్రశ్నే అడిగాడు. వాణ్ని ఆ పెద్దాయన దగ్గరికి పంపించాను. సాయంత్రం బస్సు వేళ దాటినాక ఖాళీగా ఉంటారు.